మామగారి ఫర్మ్, అల్లుడుగారి లిమిటెడ్ పార్ట్‌నర్‌షిప్

1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకాలో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అంతకు ముందు అది చిత్తూరు జిల్లాలోది. పటాస్కర్ గారి మధ్యవర్తిత్వం తరువాత 1959లో పార్లమెంటు చేసిన సరిహద్దుల మార్పు చట్టం ప్రకారం తిరుత్తణి ఇటు వచ్చింది. తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల నుంచి సత్యవేడు వైపు గ్రామాలు అటు వెళ్ళాయి. మన పెద్దవాళ్ళ దగ్గర ఈ మాట ఎత్తితే ఇప్పటికీ గంట సేపు ఆగరు. ఏ ఊరు ఎవరికి దక్కవలసింది అన్న వాదన నేనిక్కడ మొదలుపెట్టను, పత్రికలో పేజీలు చాలవు.

నేను చెప్పబోయేది అందులో ఎవరూ పట్టించుకోని చిన్న సంగతి. ఆ రోజు తెల్లవారేసరికి ఈ ప్రాంతపు నూలు దుకాణాలు, బియ్యం మిల్లులు, జవుళి కొట్లు వేరే రాష్ట్రంలో ఉన్నాయి. వాటిలో భాగస్వామ్య ఫర్మ్‌లుగా నడుస్తున్నవి చెల్లకుండా పోయాయా? పోలేదు. పోవలసిన పని లేదు. 1932 నాటి ఇండియన్ పార్ట్‌నర్‌షిప్ యాక్ట్ దేశానికంతటికీ ఒకటే. ఫర్మ్‌కు వ్యాపార స్థలం ఎక్కడ ఉంటే ఆ ప్రాంతపు రిజిస్ట్రార్ దగ్గర ఒకసారి నమోదైతే చాలు, బాకీదారు మీద దేశంలో ఏ కోర్టులోనైనా దావా వేసుకోవచ్చు. నగరిలో నమోదైన ఫర్మ్ తిరుత్తణిలో పరాయిది కాదు, తిరువళ్ళూరులోనూ కాదు.

ఆ చట్టపు ముసాయిదాను పరిశీలించిన ప్రత్యేక సంఘంలో నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారు కూడా ఒకరు. తరువాత రాజ్యాంగ రచనలో ఆయన చేసిన కృషి అందరికీ తెలుసు. దీన్ని మాత్రం బి.కాం. చదివిన నాబోటివాళ్ళు తప్ప ఎవరూ తలచుకోరు.

అంత బాగా కుట్టిన చొక్కా ఇప్పుడు ఎక్కడ బిగుతయిందో చెప్పాలంటే ఒక కుటుంబం సంగతి చెప్పాలి. పేర్లు అక్కర లేదు.

తిరుత్తణి అవతల మరమగ్గాల ఊళ్ళలో ఒకదానిలో అన్నదమ్ములిద్దరు నూలు వ్యాపారం చేస్తున్నారు. ఫర్మ్ రిజిస్టరయింది, మా బ్యాంకులో క్యాష్ క్రెడిట్ ఉంది, నెలనెలా స్టాకు స్టేట్‌మెంటు ఠంచనుగా వస్తుంది. పెద్దాయన కూతురు, అల్లుడు అమెరికాలో ఉన్నారు. ఆ మధ్య పెద్దాయన నా బల్ల ముందు కూర్చుని, సంచీలోంచి నాలుగు కాగితాలు తీశాడు.

“సార్, అల్లుడుగారు మన వ్యాపారంలో డబ్బు పెడతానంటున్నారు. ఆయన పేరు మీద కాదట. అక్కడ మనవాళ్ళు అయిదుగురు కలిసి ఒక లిమిటెడ్ పార్ట్‌నర్‌షిప్ పెట్టుకున్నారు, దాని పేరు మీదట. దాన్ని మా ఫర్మ్‌లో భాగస్వామిగా చేర్చుకోవచ్చా? ఇంతకీ అది కంపెనీయా, ఫర్మా?”

ప్రశ్న చిన్నదే. జవాబుకు నేను వారం గడువు అడిగాను.

లిమిటెడ్ పార్ట్‌నర్‌షిప్ అంటే ఏమిటో ముందు చూద్దాం. ఇందులో భాగస్వాములు రెండు రకాలు. వ్యాపారం నడిపేవాడు జనరల్ పార్ట్‌నర్, అప్పులన్నిటికీ ఆయనదే పూర్తి పూచీ. తక్కినవాళ్ళు లిమిటెడ్ పార్ట్‌నర్లు. డబ్బు పెడతారు, లెక్కలు చూస్తారు, లాభంలో వాటా తీసుకుంటారు. వ్యాపారం మునిగితే వాళ్ళు పెట్టిన డబ్బు పోతుంది గానీ ఇల్లూ వాకిలీ పోవు. అయితే నిర్వాహకంలో చెయ్యి పెట్టకూడదన్నది పాత షరతు. ఇది కొత్త వింత కాదు. న్యూయార్క్ రాష్ట్రం 1822లోనే ఇటువంటి చట్టం చేసుకుంది, ఇంగ్లండు 1907లో చేసుకుంది. మన 1932 చట్టం చాలావరకు ఇంగ్లండు వారి 1890 చట్టాన్ని అనుసరించినదే. 1907 నాటి ఈ రెండో ముక్క మాత్రం మన దాకా రాలేదు.

మన చట్టంలో 25వ సెక్షన్ ఒక్కటే మాట చెబుతుంది. భాగస్వామిగా ఉన్న కాలంలో ఫర్మ్ చేసిన పనులకు ప్రతి భాగస్వామీ మిగతావారితో కలిసీ, విడిగానూ బాధ్యుడు. వాటా రూపాయికి అణా అయినా పూచీ పదహారణాలు. బ్యాంకులో భాగస్వాములందరి చేతా సంతకాలు పెట్టించుకునేది అందుకే. ఫర్మ్ బాకీ పడితే ఎవరి దగ్గర ఆస్తి ఉంటే వారి దగ్గరికే పోతాం. మొహమాటానికి “నేనూ ఉన్నాను లే” అని తమ్ముడి ఫర్మ్‌లో సంతకం చేసిన పంతుళ్ళు, గుమాస్తాలు రిటైర్మెంటు డబ్బు పోగొట్టుకోవడం నా సర్వీసులో చూశాను.

ఈ లెక్కన అల్లుడుగారి లిమిటెడ్ పార్ట్‌నర్‌షిప్‌ను మన చట్టం ముందు నిలబెడితే ఏమవుతుంది? సుప్రీం కోర్టు 1956లో దులీచంద్ లక్ష్మీనారాయణ్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఫర్మ్ అనేది భాగస్వాముల ఉమ్మడి పేరే తప్ప విడిగా ఒక వ్యక్తి కాదు, కనుక ఒక ఫర్మ్ ఫర్మ్‌గా ఇంకో ఫర్మ్‌లో భాగస్వామి కాలేదు. చేరవలసినది అందులోని మనుషులు. అంటే అల్లుడుగారి సంస్థను ఫర్మ్ అనుకుంటే, ఆ అయిదుగురూ విడివిడిగా ఈ నూలు ఫర్మ్‌లో భాగస్వాములు కావాలి. అయ్యారంటే 25వ సెక్షన్ వర్తిస్తుంది. అక్కడ ఇరవై లక్షలు పెట్టి, పోతే అంతే కదా అని నిశ్చింతగా ఉన్న మనిషి ఇక్కడ మొత్తం క్యాష్ క్రెడిట్‌కు పూచీదారుడై కూర్చుంటాడు. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు.

“అది ఫర్మ్ కాదు, డెలావేర్ చట్టం ప్రకారం విడిగా ఒక చట్టబద్ధ వ్యక్తి” అని అల్లుడుగారు ఫోనులో నాతో వాదించారు. నిజమే, అక్కడి చట్టం అలాగే అంటుంది. ఇంగ్లండులో పెట్టిన లిమిటెడ్ పార్ట్‌నర్‌షిప్‌కు ఆ హోదా లేదు, పక్కనే స్కాట్లండులో పెడితే ఉంది. ఒకే పేరు గల వస్తువు ఒక చోట మనిషి, ఒక చోట కాదు. మన రిజిస్ట్రారు ఏ చట్టం చూసి నిర్ణయించాలి? ఆ ముక్క 1932 చట్టంలో ఎక్కడా లేదు.

ఫర్మ్‌లో చేరడం మాట అలా ఉంచి, విదేశీ భాగస్వామ్యమే ఇక్కడ కొట్టు తెరిచిందనుకోండి. నమోదు కాని ఫర్మ్ తన ఒప్పందాల మీద దావా వేయలేదని 69వ సెక్షన్ చెబుతుంది. దానికి రెండు మినహాయింపులున్నాయి. ఒకటి, ఈ దేశంలో వ్యాపార స్థలం లేని ఫర్మ్‌లకు ఇది వర్తించదు. కనుక దూరాన ఉండి సరుకు అమ్మిన విదేశీ ఫర్మ్ నమోదు లేకుండానే బాకీ కోసం మన కోర్టుకు రావచ్చు. అయితే ఫర్మ్ పేరుతో దావా వేసే సౌకర్యం సివిల్ ప్రొసీజర్ కోడ్ 30వ ఆర్డరు ప్రకారం ఇండియాలో వ్యాపారం చేసేవారికే ఉంది, తక్కినవారు భాగస్వాములందరి పేర్లతో రావాలి. రెండో మినహాయింపు నూరు రూపాయలకు మించని దావాలకు. 1932లో నూరు రూపాయలంటే ఎంతో ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు.

తిరువళ్ళూరులో ఒక గది అద్దెకు తీసుకుని బోర్డు కట్టగానే మొదటి మినహాయింపు పోతుంది. నమోదు చేసుకోవాలి. ఆ ఫారంలో ఫర్మ్ పేరు, స్థలం, భాగస్వాముల పేర్లు, చేరిన తేదీలు రాయడానికి గడులున్నాయి. “ఈయన పరిమిత భాగస్వామి, ఈయన బాధ్యత ఇంత మేరకే” అని రాయడానికి గడి లేదు. నమోదు చేసుకోకపోతే దావా హక్కు లేదు, చేసుకుంటే పరిమితి మాటే లేదు.

మన చట్టానికి పరిమిత బాధ్యత అనే ఆలోచనే పడదా అంటే, అదీ కాదు. 30వ సెక్షన్ చూడండి. మైనరును ఫర్మ్ లాభాలలో చేర్చుకోవచ్చు. అతని వాటా ఫర్మ్ అప్పులకు జవాబుదారీ, అతను స్వయంగా కాదు. లెక్కలు చూసుకునే హక్కు ఉంది. ఇది అచ్చంగా లిమిటెడ్ పార్ట్‌నర్ లక్షణమే కదా! కాకపోతే పదిహేడేళ్ళ కుర్రవాడికి ఇచ్చిన రక్షణ యాభై ఏళ్ళ అల్లుడికి లేదు. (మేజరయ్యాక ఆరు నెలల్లో బహిరంగ ప్రకటన ఇవ్వకపోతే ఆ కుర్రవాడు పూర్తి భాగస్వామి అయిపోతాడు, అదీ లాభాలలో చేర్చుకున్న నాటి నుంచి లెక్క. ఈ మాగజైన్ చదివే ఇళ్ళలో అటువంటి కుర్రవాళ్ళుంటే పుట్టినరోజు కేకుతో పాటు ఈ సంగతీ గుర్తు పెట్టుకోండి.) అవిభక్త హిందూ కుటుంబ వ్యాపారం కూడా ఇటువంటిదే. అక్కడ కర్తకు సొంత పూచీ, తక్కిన సభ్యులకు ఉమ్మడి ఆస్తిలో తమ వాటా మేరకే. మన తాతలకు బాగా తెలిసిన పద్ధతినే పరదేశం వాళ్ళు కాగితం మీద పెట్టుకుని వస్తే మనం గుర్తు పట్టడం లేదు.

అమెరికావాళ్ళు ఈ చిక్కును ఎలా విప్పుకున్నారో చదివినప్పుడు నాకు మన తిరుత్తణే గుర్తొచ్చింది. వాళ్ళకు భాగస్వామ్య చట్టం రాష్ట్రానికొకటి. న్యూజెర్సీకి డెలావేర్ సంస్థ కూడా ‘ఫారినే’. అంచేత రాష్ట్రాలు అనుసరించడానికి వీలుగా చేసిన నమూనా లిమిటెడ్ పార్ట్‌నర్‌షిప్ చట్టంలో దీనికి ఒక అధ్యాయమే పెట్టారు. బయటి లిమిటెడ్ పార్ట్‌నర్‌షిప్ లోపలి వ్యవహారాలకూ, దాని లిమిటెడ్ పార్ట్‌నర్ల బాధ్యతకూ అది పుట్టిన చోటి చట్టమే వర్తిస్తుంది. వ్యాపారం చేసే చోట అది పేరు నమోదు చేసుకోవాలి. చేసుకోకపోతే అక్కడి కోర్టులో దావా వేయలేదు. కానీ అంతమాత్రాన లిమిటెడ్ పార్ట్‌నర్ ఇంటి మీదికి ఎవరూ రాలేరు. శిక్ష సంస్థకు గానీ పక్కన కూర్చున్న వాటాదారుకు కాదు. మన 69వ సెక్షన్ కూడా దావా హక్కును ఆపే శిక్షే గనుక, ఈ పద్ధతి మనకు అతకనిది కాదు.

మన దగ్గరా ఒక మాదిరి ఉంది. 2008లో వచ్చి 2009 మార్చి 31 నుంచి అమలులోకి వచ్చిన ఎల్.ఎల్.పి. చట్టం, అంటే పరిమిత బాధ్యత గల భాగస్వామ్య చట్టం. ఇందులో భాగస్వాములందరికీ పరిమితి ఉంటుంది, సంస్థ కూడా విడిగా ఒక వ్యక్తి. విదేశీ ఎల్.ఎల్.పి. ఇక్కడ వ్యాపార స్థలం పెట్టుకోవడానికి 59వ సెక్షన్ కింద నిబంధనలున్నాయి, ఫారం 27 ఉంది. అయితే ఎల్.ఎల్.పి. వేరు, లిమిటెడ్ పార్ట్‌నర్‌షిప్ వేరు. ఆ తలుపు మొదటిదానికే.

ఇక్కడే ఒక తమాషా ఉంది. 2019 నాటి విదేశీ మారక నిబంధనల ప్రకారం ప్రవాస భారతీయుల యాజమాన్యంలో, అదుపులో ఉన్న విదేశీ భాగస్వామ్య ఫర్మ్ కూడా, డబ్బు తిరిగి బయటికి తీసుకుపోని పద్ధతిన, మన ఎల్.ఎల్.పి.లో మూలధనం పెట్టవచ్చు. సరే కదా అని ఎల్.ఎల్.పి. చట్టం 5వ సెక్షన్ తెరిస్తే, భాగస్వామి కాదగినవారు వ్యక్తులు, ‘బాడీ కార్పొరేట్’లు మాత్రమే. ఆ మాటకిచ్చిన నిర్వచనంలో విదేశీ కంపెనీ పేరుంది, విదేశీ ఎల్.ఎల్.పి. పేరుంది. లిమిటెడ్ పార్ట్‌నర్‌షిప్ పేరు లేదు. డబ్బు పంపడానికి ఒక చట్టం చెయ్యి ఊపుతుంది, పుచ్చుకోవడానికి ఇంకో చట్టం తటపటాయిస్తుంది. మధ్యలో బ్యాంకు అధికారి ఫైలు మీద ప్రశ్నార్థకం రాసి పై ఆఫీసుకు పంపుతాడు.

అలాగని తలుపులు బార్లా తీయమని నేననను, బ్యాంకు ఉద్యోగిని కదా! లిమిటెడ్ పార్ట్‌నర్‌షిప్‌లకు ఇంకో ముఖం కూడా ఉంది. 2014లో మాల్డోవా దేశపు బ్యాంకుల నుంచి వంద కోట్ల డాలర్ల మేర సొమ్ము మాయమైన వ్యవహారంలో స్కాట్లండు లిమిటెడ్ పార్ట్‌నర్‌షిప్‌లను వాడుకున్నారు. అసలు మనిషెవరో తెలియకుండా దాక్కోవడానికి అవి అనువయ్యాయి. దాంతో 2017లో వాటి వెనకున్న యజమానుల పేర్లు బయటపెట్టాలన్నారు, 2023లో బ్రిటను చట్టాన్ని ఇంకా బిగించింది. మన దగ్గర కూడా 2023లో నిబంధన మారింది. భాగస్వామ్య ఖాతాలో పది శాతానికి మించి వాటా ఉన్న అసలు యజమానులను బ్యాంకు గుర్తించాలి. అంతకు ముందు అది పదిహేను శాతం.

అంతకన్నా దగ్గరి భయం ఒకటుంది. పొదటూరుపేటలోనో పళ్ళిపట్టులోనో పది మరమగ్గాలవాడు అరువు మీద బట్ట ఇస్తాడు. అతను చూసేది ఎదుటి మనిషి ముఖం, బోర్డు మీది పేరు. ఆ బోర్డు వెనక ఉన్నది పరిమిత బాధ్యత అని అతనికి ముందే తెలియకపోతే, అల్లుడుగారికి ఇచ్చిన రక్షణ ఈయన నోటి దగ్గర తీసినదే అవుతుంది. కాబట్టి నా మటుకు నేను అడిగేది ఒక చిన్న అధ్యాయం. విదేశీ లిమిటెడ్ పార్ట్‌నర్‌షిప్ ఇక్కడ కొట్టు పెట్టినా, ఇక్కడి సంస్థలో వాటా కొన్నా మన రిజిస్ట్రారు దగ్గర నమోదు కావాలి. జనరల్ పార్ట్‌నర్ ఎవరో, ఇక్కడ నోటీసు అందుకునే మనిషి ఎవరో రాయాలి. పది శాతం వాటాదారుల పేర్లు చెప్పాలి. బోర్డు మీద, బిల్లు మీద ‘పరిమిత భాగస్వామ్యం’ అని తమిళంలోనూ ఉండాలి, ఆ బట్ట ఇచ్చేవాడు చదివేది ఆ భాష గనుక. ఇవన్నీ చేసిన సంస్థలో లిమిటెడ్ పార్ట్‌నర్ బాధ్యతను దాని సొంత చట్టం ప్రకారమే చూడాలి, 25వ సెక్షన్ ప్రకారం కాదు. దులీచంద్ కేసు ఇచ్చిన అడ్డంకిని కూడా అటువంటి నమోదైన సంస్థ వరకు తీసివేయాలి. పార్లమెంటు తలుచుకుంటే రెండు పేజీల పని.

అంతవరకూ మన కుటుంబాలు ఏం చేయాలని అడుగుతారు. ప్రవాస భారతీయుడు సొంత పేరుతో, డబ్బు తిరిగి తీసుకుపోని పద్ధతిన, మామూలు ఫర్మ్‌లో మూలధనం పెట్టవచ్చు. వ్యవసాయం, తోటలు, రియల్ ఎస్టేట్, పత్రికా ముద్రణ వ్యాపారాలకు మాత్రం కుదరదు. కానీ మామూలు ఫర్మ్ అయితే పూచీ పదహారణాలే అని చెప్పాను కదా. అందుకని ఎల్.ఎల్.పి. మేలు. ఇద్దరు డెసిగ్నేటెడ్ పార్ట్‌నర్లు కావాలి, వాళ్ళలో ఒకరైనా ఇక్కడ నివసించేవారై ఉండాలి. ఏటా మే నెలాఖరు లోపల ఒక రిటర్ను, అక్టోబరు నెలాఖరు లోపల లెక్కల స్టేట్‌మెంటు పంపాలి. ఆడిటరు ఫీజు కొంచెం పెరుగుతుంది.

పెద్దాయనకు వారం తరువాత ఇదే చెప్పాను. అన్నదమ్ములు ఫర్మ్‌ను ఎల్.ఎల్.పి.గా మార్చుకోవాలి. మార్చేటప్పుడు ఫర్మ్‌లో ఉన్నవాళ్ళే అందులో ఉండాలి, ఒక్కరు ఎక్కువా కూడదు, తక్కువా కూడదు. కనుక అల్లుడు ఆ తరువాతే చేరాలి, అదీ సంస్థ పేరుతో కాక తన సొంత పేరుతో. స్నేహితులు నలుగురూ రావాలంటే వాళ్ళూ ఎవరికి వారే. మార్పు జరిగిన సంగతి ఏడాది పాటు ప్రతి ఉత్తరం మీదా రాయాలి.

“అయితే మా పూచీ కూడా తగ్గిపోతుందన్నమాట” అన్నాడు పెద్దాయన కొంచెం ఉత్సాహంగా.

కొత్త బాకీలకు తగ్గుతుందనీ, మార్పుకు ముందున్న బాకీలకు అన్నదమ్ములిద్దరూ ఎప్పటిలాగే సొంతంగా బాధ్యులనీ, పాత క్యాష్ క్రెడిట్ కాగితాలను మేం వదిలిపెట్టమనీ చెప్పాను. కొత్త లిమిట్‌కు కూడా మా హెడ్డాఫీసు వ్యక్తిగత గ్యారంటీ అడుగుతుందేమో అన్నాను. ఆయన కాగితాలు మళ్ళీ సంచీలో పెట్టుకుని, అల్లుడితో మాట్లాడి వస్తానని తిరుత్తణి బస్సుకు వెళ్ళాడు. అల్లుడుగారి స్నేహితులలో ఇద్దరు సొంత పేర్ల మీద రావడానికి ఒప్పుకున్నారు, ఇద్దరు వద్దన్నారు.